శివారుకు నీరందుతోందా? బతుకులో ఏ వైపు ఎండుతోందో కొలిచి సర్దుకునే పద్ధతి

‘పని చూసుకుంటే ఇల్లు చెడుతోంది, ఇల్లు చూసుకుంటే పని చెడుతోంది. రెండూ ఎలా సర్దుకోవాలండీ?’ రొయ్యల చెరువులవాళ్ళు అడుగుతారు. రోజూ బస్సెక్కి కాకినాడో రాజమండ్రో వెళ్ళి ఉద్యోగం చేసొచ్చేవాళ్ళు అడుగుతారు. భర్తో భార్యో కువైట్‌లో ఉంటే ఇక్కడ ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకొచ్చేవాళ్ళు అడుగుతారు. మాటలు వేరు, ప్రశ్న ఒకటే. అందుకని పద్ధతంతా ఒకచోట వరసగా రాస్తున్నాం.

ముందే ఒక మాట. అన్నిటికీ సమానంగా టైము పంచడం కోసం కాదు ఇది. ధవళేశ్వరం ఆనకట్ట కింద పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు ఉంది. దాళ్వాలో (రెండో పంటకు) గోదారి నీరు తగ్గితే వంతులు పెడతారు. రోజూ అన్ని చేలకూ నీరు రాదు, రానక్కర్లేదు కూడా. గొడవ ఎప్పుడొస్తుందంటే, తూము పక్కనున్నవాడి చేను నిండి పొర్లుతూ శివారువాడి, అంటే కాలువ చివరనున్నవాడి, చేను నెర్రెలు విచ్చినప్పుడు. బతుకులో చూసుకోవాల్సిందీ అదే. ఏ వైపు శివారైపోయింది, మధ్యలో నీరు ఎక్కడ పోతోంది, దాని వంతు ఎప్పుడు. ఇంతకు మించిన సిద్ధాంతం అక్కర్లేదు.

కావలసినవి

- 100 పేజీల రూళ్ళ నోటుబుక్కు ఒకటి, ఎరుపు, నీలం పెన్నులు.
- తెల్ల కాగితాలు రెండు, స్కేలు, 20 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న టిఫిను పళ్ళెం. (గుండ్రం గీయడానికి. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, సరిగ్గా సరిపోతుంది.)
- మీ మొహం మీద నిజం చెప్పగల మనిషి ఒకరు, వీలైతే ఇంట్లోవాళ్ళే.
- 14 రోజులు, రోజుకు ఐదారు నిమిషాలు. ఆ తర్వాత ఒక ఆదివారం సాయంత్రం గంటన్నర.

ఫోనులో రాసుకోకూడదా అంటారు. రాసుకోవచ్చు. కానీ రాద్దామని ఫోను తీసినవాడు వాట్సాప్ చూడకుండా లోపల పెట్టడం అరుదు. పుస్తకమే మేలు.

ఎప్పుడు మొదలుపెట్టకూడదో తెలుసుకోండి. సంక్రాంతి వారం వద్దు. ఇంట్లో పెళ్ళి ఉన్న నెల వద్దు. ఊడుపులు, మాసూళ్ళు (కోతలు, నూర్పిళ్ళు), చెరువు పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) జరుగుతుండగా వద్దు. లంక గ్రామాలవాళ్ళు వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో అసలే వద్దు. ఆ రోజుల లెక్క మీ మామూలు బతుకు లెక్క కాదు. ఏ హడావుడీ లేని రెండు వారాలు చూసుకుని సోమవారం నాడు మొదలుపెట్టండి.

1. బతుకును ఎనిమిది మడులుగా విడగొట్టండి

నోటుబుక్కు మొదటి పేజీలో ఇవి రాయండి. పక్కనున్న అక్షరమే దాని గుర్తు.

ప – పని, సంపాదన
డ – డబ్బు లెక్క: అప్పు, పొదుపు, కాగితాలు
ఒ – ఒళ్ళు: నిద్ర, తిండి, నడక, మందులు
ఆ – ఆలుమగలు
పి – పిల్లలు
పె – ఇంట్లో పెద్దవాళ్ళు
ఊ – బంధువులు, స్నేహితులు, ఊరు
సొ – మీ సొంతం: పూజ, చదువు, పాట, ఊరికే గట్టు మీద కూర్చోవడం

పెళ్ళి కానివాళ్ళు ‘ఆ’, ‘పి’ బదులు తోబుట్టువులు, చదువు పెట్టుకోండి. మార్చుకోండి గానీ ఎనిమిది దాటించకండి. పన్నెండు పెట్టుకున్నవాళ్ళు నాలుగో రోజుకే పుస్తకం మూసేస్తారు.

సంపాదననీ డబ్బు లెక్కనీ విడగొట్టింది కావాలనే. ఈ రెండూ ఒకటే అనుకోవడం మన వైపు బాగా కనిపించే పొరపాటు. చేతిలో లక్షలు తిరుగుతుంటాయి, మేత కొట్టులో బాకీ ఎంతో మాత్రం యజమానికే తెలియదు. అలాంటి ఇంట్లో ‘ప’కి 9 పడుతుంది, ‘డ’కి 2. రెండూ కలిపేస్తే ఐదున్నర వచ్చి ‘పర్వాలేదులే’ అనిపిస్తుంది.

2. పద్నాలుగు రోజులు గంటల లెక్క రాయండి

రోజుకు ఎదురెదురు పేజీలు రెండు. ఎడమ పేజీలో ఉదయం 4 నుంచి సాయంత్రం 4 దాకా, కుడి పేజీలో అక్కణ్ణుంచి మర్నాడు ఉదయం 4 దాకా. అరగంటకు ఒక గీత. అంటే పేజీకి 24 గీతలు, రోజుకు 48. ప్రతి గీత మీద ఒక గుర్తు వేయాలి. పై ఎనిమిదింటికి తోడు ఇంకో మూడు గుర్తులు పెట్టుకోండి: ఇం (వంట, అంట్లు, బట్టలు, సరుకులు), దా (దారిలో గడిచింది), ఫో (ఫోను, టీవీ).

టిఫిన్ అయ్యాక ఒకసారి, మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకసారి, పడుకునేముందు ఒకసారి నింపండి. రాత్రికి అంతా ఒకేసారి రాద్దామనుకుంటే సాయంత్రపు రెండు గంటలు ఎటుపోయాయో గుర్తుండదు. పోయేవి సరిగ్గా ఆ గంటలే.

ఒకే అరగంటలో రెండు పనులుంటే మనసు దేనిమీద ఉందో దాని గుర్తు వేయండి. పిల్లాడు పక్కన లెక్కలు చేసుకుంటుంటే మీరు రొయ్య కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్నది) రేట్లు చూస్తున్నారా? అది ‘ప’, ‘పి’ కాదు. నరసాపురం, పాలకొల్లు వైపు ఇళ్ళలో లేసు అల్లే ఆడవాళ్ళు దీన్ని తిరగేసి చూసుకోవాలి. సీరియల్ చూస్తూ అల్లినా అది ‘ప’యే. దాన్ని ఖాళీ టైము అని రాస్తే రోజుకు నాలుగైదు గంటల పని లెక్కలోంచి మాయమవుతుంది, ‘నీకేం, ఇంట్లోనే ఉంటావుగా’ అన్న మాటకు మీ పుస్తకమే సాక్ష్యం పలుకుతుంది.

సరిచూసుకోవడం ఇలా. 14 రోజులకు మొత్తం 672 గుర్తులు రావాలి. ఏ గుర్తు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి 4తో భాగిస్తే వారానికి సగటున ఎన్ని గంటలో తేలుతుంది. ఉదాహరణకు ‘ఫో’ 76 సార్లు పడితే వారానికి 19 గంటలు. అన్నీ కలిపితే 168 రావాలి. పది గుర్తుల దాకా తేడా వస్తే వదిలేయండి. యాభై తేడా వస్తే ఇంకో వారం రాయాల్సిందే.

3. మార్కులు వేయండి

ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. ‘ఆరోగ్యం ఎలా ఉంది? ఆ, బానే ఉంది, ఏడు’ అని వేసేస్తారు. బానే ఉంది అన్నది మాట, కొలత కాదు. ప్రతి మడికీ ఐదు ప్రశ్నలు పెట్టుకోండి. అవునంటే 2, కొంతవరకూ అంటే 1, కాదంటే 0. మొత్తం 10.

ఒళ్ళు, డబ్బు దగ్గర మనల్ని మనం మోసం చేసుకోవడం తేలిక. అందుకని ఆ ఐదూ మేమే ఇస్తున్నాం.

ఒళ్ళు:
- వారంలో కనీసం ఐదు రాత్రులు ఏడు గంటలు పడుకున్నారా? (పుస్తకం చూసి చెప్పండి.)
- వారానికి 150 నిమిషాలు గబగబా నడవడం గానీ, ఊపిరి వేగం పెరిగే పని గానీ చేశారా? చెరువు గట్టు మీద బండేసుకుని తిరగడం నడక కాదు.
- ముప్ఫై దాటితే, గడిచిన ఏడాదిలో బీపీ, షుగరు చూపించుకున్నారా?
- వేసుకోవాల్సిన మందులు నెలలో రెండుసార్లకు మించి మానలేదు కదా? (మందులేమీ లేకపోతే 2 వేసుకోండి.)
- రోజుకు ఒక పూటైనా ఫోను లేకుండా కూర్చుని తిన్నారా?

డబ్బు లెక్క:
- ఎవరికెంత బాకీయో, ఎంత వడ్డీయో ఒకే కాగితం మీద రాసి ఉందా?
- నూటికి రెండు రూపాయలకు మించిన వడ్డీ అప్పు లేదు కదా? నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం, మూడంటే 36. మాటలో చిన్నగా వినిపిస్తుంది, అంతే.
- రాబడి ఆగినా మూడు నెలలు ఇల్లు నడిచే డబ్బు ఉందా? కడుతున్న చీటీని ఇందులో కలపకండి. పాడి చేతికొచ్చేదాకా అది మీ డబ్బు కాదు.
- పాసుపుస్తకాలు, బీమా కాగితాలు, బంగారం తాకట్టు రసీదులు ఎక్కడున్నాయో ఇంట్లో రెండో మనిషికి తెలుసా?
- ఆరు నెలల్లో రాబోయే పెద్ద ఖర్చు (ఫీజు, కౌలు, పెళ్ళి) ఎక్కణ్ణుంచి కడతారో ఇప్పుడే చెప్పగలరా?

పని, ఆలుమగలు, పిల్లలు, పెద్దవాళ్ళు, ఈ నాలుగింటికీ మూడేసి ప్రశ్నలు ఇస్తాం, చివరి రెండూ మీ ఇంటికి తగ్గట్టు మీరే రాసుకోండి.

పనికి: మీరు రెండు రోజులు లేకపోయినా అది నడుస్తుందా? చేసినదానికి డబ్బు టైముకు వస్తోందా? వచ్చే ఏడాదీ ఇలాగే చేయగలననిపిస్తోందా? ఆలుమగలకు: రోజుకు పావుగంట డబ్బు, పిల్లలు, పని ఊసు లేకుండా మాట్లాడుకున్నారా? కిందటి గొడవ తేలిందా, లేక మాటలు మానేసి గడిపేశారా? ఎదుటి మనిషికి ఇప్పుడున్న పెద్ద దిగులు ఏమిటో మీకు తెలుసా? పిల్లలకు: క్లాసు టీచరు పేరు, దగ్గరి స్నేహితుడి పేరు తెలుసా? ఈ వారం వాళ్ళు చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా పది నిమిషాలు విన్నారా? మార్కుల మాట రాకుండా ఒక్కసారైనా నవ్వుకున్నారా? పెద్దవాళ్ళకు: ఏ మందు ఏ పూట వేసుకుంటారో తెలుసా? ఏడాదిలో కళ్ళు చూపించారా? వారంలో ఒక్కసారైనా పని లేకుండా వాళ్ళ మంచం పక్కన కూర్చున్నారా?

ఊరి దగ్గర నాలుగు ప్రశ్నలు మీరే రాసుకోండి గానీ ఈ ఒకటి తప్పక పెట్టుకోండి: వచ్చిన పిలుపుకు ‘రాలేమండీ’ అని చెప్పగలుగుతున్నారా? మన దగ్గర ‘ఊ’ మడి ఎండిపోవడం తక్కువ, మునిగిపోవడం ఎక్కువ. ఓణీల ఫంక్షను, పంచెల ఫంక్షను, గృహప్రవేశం, సంవత్సరీకం, అన్నిటికీ వెళ్ళి తీరాలనుకుంటే మంచి ముహూర్తాలున్న నెలలో ఒక్క ఆదివారమూ మిగలదు. ‘సొ’ మడికి ఒకే ప్రశ్న చాలు, దానికే పది మార్కులు: కిందటి వారం ఎవరికోసమూ కాకుండా మీకోసం గడిచిన గంటలెన్ని? గంటకు రెండున్నర చొప్పున వేసుకోండి. నాలుగు గంటలు దాటినా పదే.

ఇప్పుడు మీ మనిషిని పిలిచి, మీ మార్కులు చూపించకుండా, మీ గురించి వేరే కాగితం మీద వేయమనండి. మూడు, అంతకు మించి తేడా వచ్చిన చోట తక్కువదే తీసుకోండి. ‘ఏది చూసి అలా వేశావు?’ అని మాత్రం అడగొచ్చు. ‘అలా ఎందుకు వేశావు?’ అన్నారంటే గొడవ మొదలైనట్టే, వచ్చేసారి మీకు నిజం దొరకదు.

జాగ్రత్త: ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి ఉంటే ఈ పుస్తకం వాళ్ళకు చూపించకండి, మార్కులు వేయించకండి. పుట్టింటివాళ్ళో స్నేహితురాలో చాలు. అలాంటి ఇంటికి అసలు అవసరమైంది ఈ లెక్క కాదు, 181 మహిళా హెల్ప్‌లైన్.

4. బొమ్మ గీయండి

పళ్ళెం బోర్లించి గుండ్రం గీసి, చుట్టూ కత్తిరించండి. సగానికి మడవండి, మళ్ళీ సగానికి, ఇంకోసారి సగానికి. విప్పితే ఎనిమిది ముక్కలు సమానంగా వచ్చి ఉంటాయి, కోణమానిని అక్కర్లేదు. నడుమ నుంచి అంచు దాకా 10 సెంటీమీటర్లు, మార్కుకు ఒక సెంటీమీటరు. ప్రతి ముక్కలో మీకొచ్చిన మార్కు దగ్గర ఎర్ర గీత గీయండి.

గీత గుండ్రంగా రాలేదని దిగులు పడకండి. గుండ్రంగా వచ్చిందంటేనే అనుమానించాలి. అన్నిటికీ ఆరూ ఏడూ వేసేసి ఉంటారు.

5. ఈ కాలానికి ఎంత కావాలో నీలం పెన్నుతో గీయండి

ఎర్రది ఇప్పుడున్నది. నీలంది ఈ మూడు నెలలకు ఉండాల్సింది. అన్నిటికీ పది గీస్తే ఈ పద్ధతి ఎందుకూ పనికిరాదు. మూడు హద్దులు పెట్టుకోండి.

- ఏ మడికీ 4 కంటే తక్కువ వద్దు. అది పైరు చావకుండా ఉండే నీరు.
- ఒళ్ళు, డబ్బు లెక్క ఏ కాలంలోనైనా 6కు తగ్గకూడదు. ఈ రెండూ ఎండితే మిగతా ఆరింటికీ నీరు తెచ్చే బోదె పూడిపోయినట్టే.
- 8 దాటించేవి రెండే ఉండాలి.

కౌలు రైతుకు జూన్‌లో కాలువలకు నీరొదిలి ఆకుమడి పోసిన దగ్గర్నుంచి ఊడుపులు అయ్యేదాకా ‘ప’కు 9, ‘సొ’కు 4, ‘ఊ’కు 4 ఉండటంలో తప్పేమీ లేదు. అదే రైతు ఊడుపులయ్యాక కూడా అదే గీత ఉంచుకుంటే తప్పు. పిల్లకు పదో తరగతి పరీక్షలున్న మార్చిలో ‘పి’కి 8 కావాలి. మే నెలలో 6 చాలు.

6. ఒకే ఒక్క శివారును ఎంచుకోండి

నీలం లోంచి ఎరుపు తీసేయండి. ఎక్కువ తేడా ఉన్నది సాధారణంగా మీ శివారు. దీనికి రెండు మినహాయింపులున్నాయి. రాత్రి నిద్ర సగటున ఆరు గంటలకు తక్కువుంటే ఇంకేమీ చూడకుండా ‘ఒ’ తీసుకోండి. నిద్ర చాలనివాడికి మిగతావన్నీ ఉన్నదానికంటే అధ్వాన్నంగా కనిపిస్తాయి, ఆ మార్కులు నమ్మలేం. రెండోది: తర్వాత చూద్దామంటే చేయి దాటిపోయేది ఏదైనా ఉంటే, తేడా తక్కువైనా అదే ముందు. 140/90 దాటి మందు మొదలెట్టని బీపీ, మంచాన పడిన అమ్మ, రెండేళ్ళలో హాస్టలుకు వెళ్ళిపోయే పిల్లాడు. రొయ్యలు వచ్చే పంటకైనా వేసుకోవచ్చు.

రెండు శివార్లు కలిపి పట్టుకుంటామంటారు కొందరు. వద్దు. ఒకటి నిలబడ్డాక ఇంకోటి పట్టుకుంటే ఎనిమిదీ తిరిగొస్తాయి, తొందరేముంది?

7. గండి ఎక్కడుందో వెతకండి

వారానికి మూడు గంటలు చాలు, అంటే ఆరు గీతలు. అవి కొత్తగా పుట్టవు, ఎక్కణ్ణుంచో రావాలి. ఈ వరసలో వెతకండి.

ముందు ‘ఫో’. ఫోను సెట్టింగుల్లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే రోజుకు ఎన్ని గంటలు వాడారో చూపిస్తుంది. మీ పుస్తకంలోది దానికంటే తక్కువే ఉంటుంది, చూడండి. ఆ తేడా ఉన్నచోటే గండి. మొత్తం మానేస్తానని ఒట్టు పెట్టుకోవద్దు. రాత్రి 9 తర్వాత ఛార్జరు వంటింట్లో పెట్టండి, పడకగదిలో కాదు. ఈ ఒక్క మార్పుకే వారానికి మూడు గంటలు దొరకడం మామూలు.

తర్వాత ‘ఊ’. పిలుపులను మూడు రకాలు చేయండి: మనమే ఉండి జరిపించాల్సినవి, మొహం చూపించి భోజనం చేసి రావాల్సినవి, చదివింపు పంపితే సరిపోయేవి. మూడో రకానికి వెళ్ళడం మానేయండి. ముందురోజే ఫోను చేసి చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. చెప్పకుండా ఎగ్గొడితేనే పదేళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

‘దా’ తగ్గించడం కష్టం. కోటిపల్లి–నరసాపురం రైలు లైను పూర్తయ్యేదాకా కోనసీమవాళ్ళకు బస్సే గతి. కానీ ఆ గంటల్లో ‘డ’ పని జరుగుతుంది: ఖర్చులు రాయడం, బిల్లులు కట్టడం, మందుల చీటీ చూసుకోవడం. ఆలుమగల మాటలు మాత్రం బస్సులో పెట్టుకోకండి. పక్క సీటువాడు వింటుండగా ఎవరూ మనసులో మాట చెప్పరు.

రెండు చోట్ల నుంచి తీయకూడదు. ఒకటి నిద్ర. రెండోది ఇంకొకరి నెత్తిన పడే ‘ఇం’. మీరు పొద్దున్నే నడకకు వెళ్ళడానికి పిల్లల్ని బడికి తయారుచేసే పని కూడా భార్య మీద పడితే, పక్కవాడి బోదెకు అడ్డుకట్ట వేసి మీ మడి తడుపుకున్నట్టు. ఆరు వారాల తర్వాత ‘ఆ’ మార్కు పడిపోయి కనిపిస్తుంది.

8. వంతు పెట్టండి

‘అమ్మతో ఎక్కువ టైము గడపాలి’ అన్నది కోరిక. వంతంటే ఇలా ఉండాలి: ‘మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం 6 నుంచి 6.45 దాకా, అమ్మ గది అరుగు మీద, ఫోను లేకుండా. తప్పితే ఆదివారం పొద్దున 8కి.’ రోజు, గంట, చోటు, ఎవరితో, ఎంతసేపు, తప్పితే ఎప్పుడు. ఈ ఆరింటిలో ఒకటి లేకపోయినా అది రెండు వారాలు కూడా నిలవదు. అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది ఆరోది.

రొయ్యల చెరువులవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పైన చెప్పినవి వాళ్ళకు నేరుగా కుదరవు. రాత్రంతా ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున చెరువులో అన్నిటికంటే తక్కువుంటుంది. అందుకే రెండింటి నుంచి ఐదింటి దాకా కళ్ళు మూతపడకూడదు. దాన్ని మార్చలేం, మనుషుల్ని మార్చొచ్చు. ఇద్దరుంటే రాత్రి 10 నుంచి 2 ఒకరు, 2 నుంచి 6 ఒకరు. ఈ వంతును రోజుకోసారి మార్చకండి, వారానికోసారి మార్చండి. రోజూ మారిస్తే ఇద్దరికీ నిద్ర చెడుతుంది. మొదటి వంతువాడు 2.30 నుంచి 8.30 దాకా చీకటి గదిలో పడుకోవాలి, పొద్దుటి మేత రెండోవాడు వేసుకోవాలి. మధ్యాహ్నం మేతకూ దానికి ముందు మేతకూ మధ్య, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) చూశాక, గంటన్నర కునుకు ఇద్దరికీ ఉండాలి. కరెంటు పోతే మోగే అలారం ఏరియేటర్ల (నీటిలో గాలి కలిపే యంత్రాల) స్టార్టరుకు పెట్టించుకోండి, జనరేటరులో డీజిలు సాయంత్రమే చూసుకోండి. అలారం ఉంది కదా అని మనిషిని తీసేయకండి. ఏరియేటరు బెల్టు తెగితే కరెంటు ఉన్నట్టే ఉంటుంది, అలారం మోగదు.

పట్టుబడికి ముందు నెల్లాళ్ళలో కొత్త వంతులేమీ పెట్టుకోకండి. నిలబడవు. పట్టుబడి అయి చెరువు ఎండగట్టిన రోజులున్నాయే, అవీ మీ అసలు వంతులు. బీపీ, షుగరు పరీక్షలు, మేత కొట్టు బాకీ లెక్క, పిల్లలతో ఊరు వెళ్ళడం, అన్నీ మళ్ళీ రొయ్య పిల్ల వదలకముందే తేదీ వేసి గోడ మీద రాసేయండి. ఆ రోజుల్లో ‘ఖాళీగా ఉన్నాం కదా’ అని పక్క చెరువు లీజుకు తీసుకున్నవాళ్ళకు మాత్రం ఏ పుస్తకమూ సాయం చేయలేదు.

గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్ళకు: కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి 9 అంటే అక్కడ 6.30. అక్కడ చాలామందికి శుక్రవారం సెలవు. శుక్రవారం ఫోను ముప్పావుగంట అనుకుంటే మొదటి పావుగంట పిల్లలది, తర్వాతిది పెద్దవాళ్ళది, ఆఖరిది మీ ఇద్దరిదే. డబ్బు మాటలు అందులో కలపకండి, వాటికి ఇంకో రోజు పది నిమిషాలు పెట్టుకోండి. ఇక్కడున్నవాళ్ళ పుస్తకంలో ‘పి’, ‘పె’, ‘ఇం’ నిండిపోయి ‘సొ’ సున్నా పడటం ఖాయం. దానికి మందు చేబదులు: తోడికోడలో పక్కింటావిడో వారానికి రెండు గంటలు మీ పిల్లల్ని చూస్తే, ఇంకో రోజు మీరు వాళ్ళ పిల్లల్ని చూడండి. ఉత్తినే చూడమంటే మూడోసారి అడగడానికి మొహమాటం వేస్తుంది, బదులుకు బదులైతే వేయదు.

9. ఆరు వారాలకు సరిచూడండి

‘ఎలా అనిపిస్తోంది’ అని కాదు, ఎన్నిసార్లు జరిగిందని చూడండి. వారానికి రెండు వంతులు పెట్టుకుంటే ఆరు వారాలకు పన్నెండు.

- 9, అంతకు మించి జరిగితే అలాగే కొనసాగించండి.
- 5 నుంచి 8 దాకా జరిగితే వంతు మంచిదే, గంటో చోటో తప్పు. సాయంత్రం కుదరకపోతే పొద్దుటికి మార్చండి.
- 5కు తక్కువైతే కొలత పెద్దదైంది. సగానికి తగ్గించండి, 45 నిమిషాలను 20 చేయండి. మానేయకండి.

తర్వాత మూడు రోజులే గంటల లెక్క రాసి (రెండు పనిరోజులు, ఒక ఆదివారం) మార్కులు మళ్ళీ వేయండి, మీ మనిషితోనూ వేయించండి. మీ లెక్కలో రెండు పెరిగి, వాళ్ళ లెక్కలో ఏమీ పెరగలేదంటే మీరు అక్కడ కూర్చున్నారు గానీ మనసు చెరువు మీదే ఉందన్నమాట. మిగతా మడుల్లో ఏదైనా రెండు మార్కులు పడిపోయిందేమో కూడా చూడండి. పడితే నీరు అక్కణ్ణుంచే మళ్ళింది. వంతును సగం చేసి గండి మళ్ళీ వెతకండి. శివారు మడి వరసగా రెండు తనిఖీల్లో నీలం గీత అందుకుంటేనే తర్వాతదానికి వెళ్ళండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

గొడవైన రాత్రి మార్కులు వేయడం. పట్టుబడి బాగా పడిన రోజు వేయడం కూడా అంతే తప్పు. ఆలుమగలిద్దరూ వేసి ‘నాకు తక్కువ, నీకు ఎక్కువ’ అని పోల్చుకోవడం మరో పొరపాటు. ఎవరి చక్రం వారిది, పక్కపక్కన పెట్టకండి. ఇంట్లో ఉన్న ప్రతి గంటనూ కుటుంబంతో గడిపినట్టు రాయడం. పుస్తకాన్ని బీరువాలో పెట్టి మరిచిపోవడం. భోజనాల బల్ల దగ్గరో దేవుడి గూటి పక్కనో కనపడేచోట పెట్టండి, రహస్యమనుకుంటే గుర్తుల అర్థం రాసిన మొదటి పేజీ చింపి దాచుకోండి.

ఇంకొకటి వేరుగా చెప్పాలి. రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోయినా, బతకాలనిపించకపోయినా, అది టైము సర్దుకుంటే పోయేది కాదు. పుస్తకం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్‌లో ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అప్పులవాళ్ళ ఒత్తిడి మీద ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

చివరి పేజీలో వచ్చే ఏడాదికి పూర్తి లెక్క తేదీలు మూడు రాసి పెట్టుకోండి: ఊడుపులయ్యాక ఆగస్టు చివర్లో ఒకటి, సార్వా (మొదటి పంట) మాసూళ్ళయ్యాక డిసెంబరులో దాళ్వా ఊడుపులకు ముందు ఒకటి, కాలువలు కట్టేశాక మే మొదట్లో ఒకటి. చెరువులవాళ్ళు ప్రతి పట్టుబడి అయిన పదో రోజు అని రాసుకోండి. జనవరిలో మాత్రం పెట్టుకోకండి. సంక్రాంతి నెలలో ‘ఊ’కి పది తప్ప ఇంకేమీ రాదు.